అసలెంత? కొసరెంత?

మా తాతగారి యింట గోడబీరువాలో ఒక చిన్న పుస్తకము నేటికిని భద్రముగా నున్నది. అది రేడియో లైసెన్సు పుస్తకము. ఏటేట పోస్టాఫీసునకు పోయి రుసుము చెల్లించి, అందు ముద్ర వేయించుకొని వచ్చుట ఆనాడు రేడియోగల ప్రతి గృహస్థునకును ఒక విధి. 1980 దశకములో ప్రభుత్వము ఆ లైసెన్సును ఎత్తివేసినది. ఆ పుస్తకమును త్రిప్పి చూచినప్పుడెల్ల మాకొక సంగతి తోచుచుండును. తాము చెల్లించు రుసుము దేనికో, ఎంతయో, ఎన్నాళ్లకో తాతగారికి స్పష్టముగా తెలిసియుండెను. పెట్టె యొకటి, రుసుము ఒకటి, గడువు ఒక సంవత్సరము.

నేడు అదే యింట, అదే గోడకు, అరచేయంత తెల్లని పెట్టె యొకటి తగిలించియున్నది. వెండ్రుకవంటి గాజు తీగ యొకటి వీధిలోని స్తంభము మీదినుండి దానిలోనికి వచ్చుచున్నది. ఆ తీగ వెంటనే ఇంటర్నెట్టు వచ్చుచున్నది, టెలిఫోను వచ్చుచున్నది, టెలివిజను బొమ్మలును వచ్చుచున్నవి. మూడింటికిని కలిపి చందా ఒక్కటే. ఆ చందాలో దేనికెంత యని అడిగినచో ఆ యింటివారిలో నెవ్వరును చెప్పజాలరు. శ్రోతలలో పెక్కుమంది యిండ్లలోను ఇదియే స్థితి యని మా నమ్మకము. ఈ మూడు సేవల ఉమ్మడి చందా ఎట్లు పుట్టినది, ఇటీవల దాని పోకడ ఎట్లున్నది యను విషయమును గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

మన అంగళ్లలో అసలు, కొసరు అను రెండు మాటలు కలవు. కిలో వంకాయలు కొన్నచో కూరలమ్మి రెండు పచ్చిమిరపకాయలను, ఒక కరివేపాకు రెబ్బను కొసరు వేయును. కొనువారికి సంతోషము, అమ్మునామెకును నష్టము లేదు, కొసరు వెల అసలులోనే వచ్చియుండును. ఇందులో మోసమేమియు లేదు. ఏది అసలో, ఏది కొసరో ఇరువురకును తెలియును గనుక బేరము ధర్మముగనే సాగును. ఏది అసలో కొనువానికి తెలియనప్పుడే చిక్కు వచ్చును. మూడు సేవల చందా కథలో అసలు కొసరుగను, కొసరు అసలుగను పలుమార్లు తారుమారైనవి.

మొదట టెలిఫోనే అసలు. 1990 దశకమున టెలిఫోను కార్యాలయమువారు రెండు నెలలకొకమారు బిల్లు పంపెడివారు. కేబులు అబ్బాయి నెల మొదటి వారములో రసీదు పుస్తకముతో గుమ్మము ముందు నిలిచెడివాడు. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టును ప్రవేశపెట్టగా, అది కూడ ఫోను తీగ మీదనే నడచెడిది. ఇంటర్నెట్టునకు గంటల లెక్కన ముందుగా కట్టిన సొమ్ము వేరు, దానికై నడచిన ఫోను కాలు ఖర్చు వేరు. ఇంటర్నెట్టు నడచినంతసేపు ఫోను మ్రోగదు. బిల్లు మీటరు మాత్రము తిరుగుచునేయుండును. ఆ బిల్లును చూచి మా యింట జరిగిన విచారణలు ఇప్పుడు తలచుకొన్నచో నవ్వు వచ్చుచున్నది గాని, అప్పుడు రాలేదు.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. వారు డేటావన్ అను పేర బ్రాడ్‌బ్యాండు సేవను ఆరంభించిరి. అదే రాగి తీగ మీద ఫోను ఫోనుగను, ఇంటర్నెట్టు ఇంటర్నెట్టుగను ఏకకాలమున నడువసాగినవి. రెండు సేవలకు ఒక బిల్లు వచ్చుట మన యిండ్లకు అప్పటినుండియే అలవాటైనదనవచ్చును. బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు సెకండునకు 256 కిలోబిట్ల వేగము చాలునని 2004 నాటి ప్రభుత్వ విధానము. దానిని 2013లో 512 కిలోబిట్లకును, 2023లో రెండు మెగాబిట్లకును పెంచిరి. నేడు నగరములలో అమ్ముడగు కనిష్ఠ వేగము సాధారణముగా 30 మెగాబిట్లు. అనగా నాటి 256 కిలోబిట్లకు నూరింతలకు పైమాట. చందా నూరింతలు కాలేదు సరికదా, 2020 అక్టోబరు నాటికి అదే బి.ఎస్.ఎన్.ఎల్. వారి 30 మెగాబిట్ల ఫైబరు ప్లాను, పన్నుగాక, 449 రూపాయలకే దొరకినది. వేగము లెక్కన చూచినచో ఇంతగా చవుకైన వస్తువు మన సంసారములలో మరియొకటి లేదు. అయితే, వేగమును కిలోల లెక్కన కొని డబ్బాలలో పోసికొనము గదా! నెల తిరుగగానే కట్టవలసిన సొమ్మెంత యనునదియే గృహస్థుని ప్రశ్న.

మూడు సేవలను ఒకే తీగకు ముడివేసి, అందరును ఆశ్చర్యపడునంత తక్కువ ధరకు ఇచ్చిన ప్రయత్నము మన ఆంధ్రప్రదేశములోనే జరిగినది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు అమరావతిలో రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభించిరి. నేలను త్రవ్వి తీగ వేయుట ఖర్చుతో కూడినది గనుక, సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను కరెంటు స్తంభముల మీదుగా లాగిరి. ఊరిలోని కేబులు ఆపరేటరే ఆ తీగను ఇంటింటికి చేర్చెడివాడు. నెలకు 149 రూపాయలకు 250 టెలివిజను ఛానెళ్లు, ఒక టెలిఫోను, 15 మెగాబిట్ల వేగమున ఐదు గిగాబైట్ల ఇంటర్నెట్టు. ఆ ఐదు అయిపోయినచో వేగము ఒక మెగాబిట్టునకు తగ్గును. పన్ను కలుపగా 175 రూపాయల 82 పైసలు.

ఈ మూడింటిలో అసలేది? ప్రభుత్వము వారి దృష్టిలో ఇంటర్నెట్టు. పల్లెలోని ఇల్లాలి దృష్టిలో టెలివిజను. ఆమె అంతకుముందు ఒక్క కేబులునకే దాదాపు అంత సొమ్ము కట్టుచుండెను. ఇప్పుడు ఫోనును, ఇంటర్నెట్టును కొసరుగా వచ్చినవి. ఖర్చు లెక్క కూడ ఆమె పక్షముననే నిలిచినది. ఎట్లనగా, తీగను ఒకమారు వేసిన పిమ్మట దాని వెంట మాటలు పంపుటకు అయ్యెడి అదనపు వ్యయము అత్యల్పము. ఇంటర్నెట్టునకును అంత యెక్కువ కాదు. టెలివిజను అట్టిది కాదు. చందా ఛానెలు యజమానికి తలకింత యని నెలనెల చెల్లింపవలసినదే. చందాదారులు పెరిగినకొలది ఆ చెల్లింపును పెరుగును. కాబట్టి ఉమ్మడి చందాలో నిజముగా మండుచున్న పొయ్యి టెలివిజనే. ఆ 149 రూపాయల ధర నిలువకపోవుటకును, తరువాతి సంవత్సరములలో మాసచందా పెరుగుచు పోవుటకును ఇది ఒక ముఖ్యకారణమని మా అభిప్రాయము.

సరిగా ఆ సమయముననే టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ మరియొక దిక్కునుండి పనికి పూనుకొన్నది. కట్టగట్టి అమ్ముచున్న ఛానెళ్లను విడదీసి, ఒక్కొక్క దానికి ధర ప్రకటింపవలెనని 2019 ఫిబ్రవరినుండి కొత్త పద్ధతిని అమలు జరిపినది. నూరు ఛానెళ్ల వరకు తీగ ఖర్చు క్రింద నెలకు 130 రూపాయలకు మించరాదు. పన్నుతో 153 రూపాయల 40 పైసలు. చందా ఛానెళ్లకు ధర వేరు. కట్టలో చేర్చదలచిన ఛానెలు విడి ధర 19 రూపాయలకు మించరాదు. పాఠకులకు జ్ఞాపకముండును: ఆ దినములలో ప్రతి యింటను కాగితము, కలము తీసికొని ఛానెళ్ల జాబితా వ్రాసిరి. అత్తగారికి భక్తి ఛానెలు, మామగారికి వార్తలు, పిల్లలకు బొమ్మలు, పండుగకొక సినిమా. మన తెలుగు పెద్ద ఛానెళ్లలో పెక్కు ఆ 19 రూపాయల అంచుననో, దాని చేరువనో ధర వేసికొన్నవి. అట్టివి నాలుగు తీసికొన్నచో 76 రూపాయలు. 130తో కలిపి 206. పన్నుతో 243 రూపాయల 8 పైసలు. అంతకుముందు మొత్తము కట్టకు కట్టిన దానికంటె ఇప్పుడు ఏరుకొన్న నాలుగింటికి ఎక్కువ కట్టవలసివచ్చినదని పెక్కు యిండ్లలో వాపోయిరి.

ట్రాయ్ వారి ఉద్దేశము మంచిదే. అసలెంతో కొసరెంతో విప్పిచూపవలెనని వారు తలచిరి. కాని విడిగా కొన్నచో ఖరీదు, కట్టగా కొన్నచో చవుక యను తీరున ధరలు వేయుటకు వీలుండినందున, జనులు మరల కట్టలనే ఆశ్రయించిరి. 2020 జనవరిలో ఉత్తరువులను సవరించి, 130 రూపాయలకే 200 ఛానెళ్లు ఈయవలెననియు, కట్టలోని ఛానెలునకు 12 రూపాయలు దాటరాదనియు విధించిరి. దానిపై ఛానెళ్లవారు న్యాయస్థానములకు పోయిరి. 2022 నవంబరులో ఆ 12 మరల 19 అయినది. కట్ట మీద తగ్గింపు 45 శాతము దాటరాదను నియమము మిగిలినది. 2024 జులైలో ఆ 130 రూపాయల హద్దును సయితము తీసివేసి, ధర నిర్ణయమును కంపెనీలకే వదలివేసిరి. ఐదేండ్ల శ్రమ చివరకు బయలుదేరిన చోటికి సమీపముననే వచ్చి నిలిచినది. ప్రత్యేక చందాలేని దూరదర్శన్ ఫ్రీ డిష్ గొడుగులు మాత్రము, 2004 డిసెంబరునుండి, ఈ గొడవ లేమియు పట్టకుండ ఇండ్లకప్పుల మీద పెరుగుచు వచ్చినవి.

ఇంతలో ఇంటర్నెట్టు కంపెనీలు రంగమునకు వచ్చినవి. 2019 సెప్టెంబరు 5న జియో ఫైబరు ఇండ్లకు వచ్చినప్పుడు కనిష్ఠ ప్లాను 699 రూపాయలు, గరిష్ఠము 8,499. సరిగా సంవత్సరము తిరుగకమునుపే, 2020 సెప్టెంబరు ఒకటిన, కనిష్ఠము 399కి దిగినది. నడుమ కరోనా వచ్చినది. పిల్లల బడి, పెద్దల కచేరి రెండును ఇంటిలోనికి వచ్చి కూర్చుండినవి. పోటీ కంపెనీలును ధరలు దించినవి. ఇక టెలిఫోను మాట కొసరులో కూడ కొసరైపోయినది. ఒక కంపెనీ మొబైలునుండి మరియొక కంపెనీ మొబైలునకు మాట్లాడినచో, ఆ రెండవ కంపెనీకి నిమిషమునకు ఆరు పైసలు చెల్లింపవలెనను నియమము 2021 జనవరి ఒకటితో రద్దయినది. మాటకు వెల సున్న. ఒకప్పుడు ఏండ్ల తరబడి వరుసలో నిలిచి సంపాదించుకొన్న టెలిఫోను, ఇప్పుడు వద్దన్నను ప్లానుతో వచ్చుచున్నది!

2021 జులైలో ఎయిర్‌టెల్ వారు మొబైలు, ఫైబరు, టెలివిజను మూడింటిని ఒకే బిల్లు క్రిందికి తెచ్చిరి. 2023 సెప్టెంబరు 19న జియో వారు తీగయే లేకుండ గాలి మార్గమున ఇంటర్నెట్టును, టెలివిజనును కలిపి హైదరాబాదు మొదలగు ఎనిమిది నగరములలో 599 రూపాయలకు ఆరంభించిరి. పన్ను కలిపినచో 706 రూపాయల 82 పైసలు. ఈ తేడాను శ్రోతలు గమనింపవలెను. ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడునది 399. కట్టవలసినది 470 రూపాయల 82 పైసలు. నూటికి 18 చొప్పున జీఎస్టీ ఎల్లప్పుడును చిన్న అక్షరములలోనే నివసించును.

ఇటీవలి పోకడను ఒక్క మాటలో చెప్పుట కష్టము. మొబైలు చార్జీలు 2019 డిసెంబరులోను, 2021 చివరను, 2024 జులైలోను బాగుగా పెరిగినవి. ఇంటి బ్రాడ్‌బ్యాండు ముఖధర మాత్రము అంతగా కదలలేదు. దీనికి కారణము దయ గాదు. మొబైలు సిమ్మును ఒక పూటలో మార్చుకొనవచ్చును. ఇంటిలోనికి తీగ వచ్చి, దానికి టెలివిజను పెట్టె తగిలి, దాని మీదనే పిల్లల చదువు, పెద్దల ధారావాహికలు నడచుచున్నప్పుడు ఆ కంపెనీని మార్చుకొనుట ఇల్లు మారినంత పని. మూడు ముడులు పడిన పిమ్మట విడిపోవుట ఎంత కష్టమో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత కంపెనీలకు ఇంటిలో పాదము మోపుటయే ముఖ్యము. ధరను దించియైనను మోపుదురు. 2024 నాటికి తీగ మీది బ్రాడ్‌బ్యాండు కనెక్షనులు దేశమున నాలుగు కోట్ల మేరకు చేరినవి. ఆకాశమునుండి నేరుగా వచ్చు చందా టెలివిజను కనెక్షనులు మాత్రము 2019లో ఏడు కోట్లకు పైబడియుండి, ఆ తరువాత ఏటేట తరుగుచు వచ్చినవి.

ముఖధర కదలనప్పుడు తక్కినవి కదలును. నెలకు కట్టు వానికి అమరిక రుసుము. ఆరు నెలలకో సంవత్సరమునకో ఒకేసారి కట్టు వానికి ఆ రుసుము మాఫీ. ‘అపరిమితము’ అను ఇంటర్నెట్టునకును 3,300 గిగాబైట్లవంటి పరిమితి. ఆ మాట అర్థము నిఘంటువులో ఒకటి, ప్లానులో ఒకటి. పన్నెండో పదునాలుగో సినిమా యాపులు ప్లానుతో కలిసి వచ్చును. వానిలో ఒకటి రెండు మరుసటి యేడు చెప్పకుండ వెడలిపోవచ్చును. ధర అదియే, మూట చిన్నదైనది. వేగము సంగతియు నిట్టిదే. స్పష్టమైన బొమ్మతో ఒక సినిమా చూచుటకు సుమారు ఐదు మెగాబిట్లు చాలును. నలుగురున్న యింట నలుగురును నాలుగు తెరల మీద ఒకేసారి చూచినను 30 మెగాబిట్లలో ఇంకను మిగులును. అట్టి యింటికి 300 మెగాబిట్ల ప్లాను అమ్ముట, ముగ్గురికి వంట చేయు ఇల్లాలికి పెండ్లివారి గుండిగను అంటగట్టుటవంటిది.

అమెరికాలోనున్న మన తెలుగు కుటుంబములవారు ఈ చిక్కును మనకంటె ముందే ఎరుగుదురు. అచ్చటి కేబులు కంపెనీలు 2000 దశకముననే మూడు సేవలను నెలకు 99 డాలర్లకు ముడివేసి అమ్మినవి. మొదటి సంవత్సరము ఆ ధర; తరువాత పెట్టె అద్దె, ఇతర రుసుములు కలిసి బిల్లు ఉబ్బును. ఈ బాధ ముదిరి ముదిరి, 2024 ఏప్రిల్ 10నుండి అచ్చటి పెద్ద ఇంటర్నెట్టు కంపెనీలు ప్రతి ప్లానునకును ఒక చీటీ అంటింపవలెనని ప్రభుత్వ సంఘము విధించినది. బిస్కెట్ల పొట్లము మీద పోషక విలువల పట్టిక ఉండునే, అటువంటిది. నెల ధర ఎంత, అది తొలినాళ్ల ధర మాత్రమేనా, ఎన్ని నెలల పిమ్మట ఎంత యగును, వేరు రుసుములేవి, వేగమెంత యని అందుండవలెను. అటువంటి చీటీ మన యిండ్లకును వచ్చినచో ఇల్లాండ్రకు సగము శ్రమ తగ్గునని మాకు తోచుచున్నది. అది వచ్చువరకు ఆ ప్రశ్నలను మనమే నోట అడుగవలసియున్నది.

ఆ ప్రశ్నలను మేమే అడుగకుండ చేసిన ఒక పని కలదు. మా తండ్రిగారి యింట ఇరువదియైదు సంవత్సరములనుండి ఒకే టెలిఫోను నంబరు. నెలనెల దానికి వేరుగా బిల్లు కట్టుట వృథా యని ఎంచి, మేము మూడు సేవల ప్లాను పెట్టించితిమి. లెక్క ప్రకారము నెలకు కొంత సొమ్ము మిగిలినది. కంపెనీవారు కొత్త ఫోనును ఉచితముగా ఇచ్చిరి. దానితో కొత్త నంబరును ఇచ్చిరి. మొబైలు నంబరును కంపెనీనుండి కంపెనీకి తీసికొనిపోవచ్చును గాని, ఇంటి ఫోను నంబరునకు మన దేశమున ఆ సౌకర్యము లేదు. ఈ సంగతి మాకు తెలియనిది కాదు. ఆ క్షణమున తోచలేదు, అంతే.

మరియొకటియు తోచలేదు. పాత రాగి తీగ ఫోనునకు కరెంటు టెలిఫోను ఎక్స్ఛేంజినుండియే వచ్చెడిది. ఊరంతయు చీకటియైనను అది పలికెడిది. గాజు తీగ వెంట కరెంటు రాదు. ఇంటి గోడమీది తెల్లని పెట్టెకు మన యింటి కరెంటే ఆధారము. గత వర్షాకాలమున ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయినది. ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఒక్క క్షణముననే ఆగినవి. మొబైలులో చార్జింగు అయిపోయినది. మా తల్లిగారికి రక్తపుపోటు హెచ్చినదని ప్రక్కవీధి వైద్యునికి కబురు చేయుటకు మా తండ్రిగారు, డెబ్బది రెండేండ్ల వయసున, గొడుగు వేసికొని నడచిపోయిరి. ఆమెకు ఏమియు కాలేదు. ఆ సమయమున ఇంటిలో మాటాడుచున్నది బ్యాటరీ రేడియో యొక్కటియే యని వారు మాకు తరువాత చెప్పిరి. మా ఉద్యోగమునుబట్టి మమ్ము సంతోషపెట్టుటకు చెప్పిరో యేమో!

మరునాడు మేము ఆ తెల్లని పెట్టెకు చిన్న బ్యాటరీ యొకటి కొని తగిలించితిమి. దాని వెల ప్లానులో మిగులునని లెక్కవేసిన కొన్ని నెలల సొమ్మును మ్రింగివేసినది. ఇపుడు కరెంటు పోయినను రెండు మూడు గంటలు ఫోను పలుకుచున్నది. పాత నంబరును మాత్రము తిరిగి తేలేకపోయితిమి. మా తండ్రిగారి పాత మిత్రుల డైరీలలో ఆ నంబరే యున్నది. కొత్త నంబరు ఎవరైన అడిగినచో వారు కళ్లజోడు పెట్టుకొని, ఫోను ప్రక్కన అంటించిన చీటీని చూచి చదివి చెప్పుదురు.